ముగ్గుతో కట్టిన ఇల్లు

మొదటినుంచీ చదువుతున్నవాళ్లకు రామకిషన్‌రావు సంగతి కొత్తగా చెప్పక్కర్లేదు. నడుమ దూరినవాళ్ల కోసం రెండు మాటలు. ఇరవై రెండేళ్లుగా సర్కారు ఇంజినీరుగా కరీంనగర్ జిల్లా అంతటా సిమెంటు స్లాబులకు సంతకాలు పెట్టిన మనిషి, తన సొంతిల్లు మాత్రం మట్టిగోడలతో, గూనపెంకలతో కట్టుకుంటానని భీష్మించాడు. విన్నవాళ్లు విన్నచోటే నవ్వారు. ఆఫీసులో తోటివాళ్లయితే పోయినేడు ఎండలు బాగా కొట్టాయి పాపం అని జాలిపడ్డారు. వాన నీళ్లు హౌజులోకి, స్నానాల నీళ్లు అరటిచెట్లకు, బర్రెల పెండ గ్యాసుకు, ఆ గ్యాసు పొయ్యిలోకి. ఆయన కట్టబోయే ఇంట్లో పారేసేదంటూ ఏదీ ఉండదు.

ఆ జాగ ఆయనది కాదు, తల్లి జానకీబాయిది. వేములవాడ పోయే రోడ్డు పక్కన పది గుంటలు, అంటే పావెకరం, పుట్టింటివాళ్లు ఆమెకు పసుపు కుంకుమ కింద ఇచ్చారు. మట్టిల్లు అనగానే మూడు నెలలు మూతి ముడిచిన ఆ ముసలమ్మ కిందటి వారం ఎట్టకేలకు తలూపింది. మొదటి గడ్డపార పోటు తనే వేస్తానంది. బుధవారం తొమ్మిదింబావు నుంచి పది దాకా ముహూర్తం. అది తప్పితే తెల్లారినుంచి మూఢం, ఆ వెంటనే వానలు. వానల్లో మట్టిగోడ పెట్టేవాడు ఇంకా పుట్టలేదు. ఆ ముప్పావుగంట చెయ్యి జారితే రామకిషన్‌రావుకు ఒక యేడు పోయినట్టే. యేడు గడిచాక తల్లి తల ఏ దిక్కు ఊపుతుందో ఆ వేములవాడ రాజన్న దేవుడికే ఎరుక.

ఇక ఆ బుధవారం పొద్దున ఏం జరిగిందో వినండి.

పునాది తవ్వే ముందు ఇంటి ప్లానును ఉన్నదున్నట్టు నేల మీద ముగ్గుతో గీస్తారు. కాగితం మీది ఇల్లు ఇంజినీరుకే అర్థమవుతుంది, నేల మీద తెల్ల గీతలు పడితే గానీ ఇంటివాళ్లకు ఇల్లు కనబడదు. హనుమండ్లు మేస్త్రి తెల్లవారకముందే వచ్చి, మేకులు పాతి, దారం కట్టి, దారం వెంట ముగ్గు పోసుకుంటూ పోయాడు. ఆ రోజు ఆఖరి ముహూర్తం కనుక అయ్యగారికి ఊరంతా భూమిపూజలే. ఎనిమిదిన్నరకే గబగబా మంత్రాలు చదివి, పోటు మాత్రం తొమ్మిదింబావు దాటినాకే పెద్దమ్మ చేత వేయించమని చెప్పి, సైకిలెక్కి ఇంకో పూజకు పోయాడు.

రామకిషన్‌రావు అప్పటికి బాగానే ఉన్నాడు. ఈశాన్యం మూల పసుపు రాసిన గడ్డపార, కొబ్బరికాయ, బెల్లం ముక్క సిద్ధంగా ఉన్నాయి. ఇంటి చుట్టూ ఒకసారి తిరిగి వెనకవైపు వచ్చి, నేల చూసి కేకేశాడు.

"హనుమండ్లూ! గీ గీత వద్దని నిన్న చెప్పిన గదనయ్యా!"

"చెప్పిండ్రు సారూ."

"మరి?"

"ప్లానుల ఉన్నది గద సారూ. ప్లానుల ఉన్న గీత నేల మీద పొయ్యకుంటే ఆ ఇల్లు ఎన్నడూ పూర్తి కాదని మా ఉస్తాద్ చెప్పిండు. నా చేత్తోని నేను ఒక్క గీత గూడ ఇడువలే, గిప్పటిదాక." మేస్త్రి గర్వంగా చెప్పాడు. "వద్దనుకుంటే మీరు ప్లానులనే గియ్యకపోదురు."

నిజానికి తప్పు రామకిషన్‌రావుదే. తల్లికి ఆ గీత కనబడకూడదని మూడు నెలలుగా అనుకుంటున్నాడు, కానీ ప్లాను గీసేటప్పుడు ఇంజినీరు చెయ్యి ఊరుకోలేదు. ఉన్న పైపును లేనట్టు చూపించడం ఇరవై రెండేళ్లలో ఆయన ఎరగడు. కాలితో చెరిపేద్దామని చెప్పు ఎత్తాడు. సరిగ్గా అప్పుడే రోడ్డు మీద రిక్షా ఆగింది. తల్లి జానకీబాయి, భార్య లీలాబాయి దిగారు. ఎత్తిన కాలు అట్లాగే దించుకున్నాడు.

జానకీబాయికి డెబ్బై ఒకటి. మనిషి పిడికెడంత ఉంటుంది, మాట మాత్రం జమ్మికుంట పత్తి మార్కెట్లో వేలం పాడినా వినబడేంత ఉంటుంది. ఆమె వచ్చీరాగానే తెల్లగీతల ముందు ఆగి, చెప్పులు విప్పి, చుట్టూ చూసింది.

"దర్వాజ యాడుందిరా?"

"తూర్పుదిక్కు, అవ్వా. గిటు రా."

ఆమె చుట్టూ తిరిగి తూర్పుకు వచ్చింది. రెండు గీతల నడుమ ఖాళీగా వదిలిన చోట నేలకు దండం పెట్టి, కుడికాలు ముందు పెట్టి, లేని కడపను దాటి లోపలికి వచ్చింది. అప్పుడే మట్టిగోడలు పెట్టడంలో చెయ్యి తిరిగిన లస్మవ్వ నెత్తిన నీళ్లబిందెతో పొలం దారిన అడ్డంగా నడిచి వస్తోంది.

"ఏయ్ లస్మవ్వా! గోడలకెల్లి వస్తవేందే? దర్వాజ కనవడ్తలేదా?"

లస్మవ్వ ఉలిక్కిపడి వెనక్కి దూకింది. బిందెలో నీళ్లు సగం ఒలికాయి. పాపం, చుట్టూ తిరిగి దర్వాజ లోంచే వచ్చింది. హనుమండ్లు తన దారం ఉండ కోసం గీత దాటబోతే వాడికీ అదే చీవాట్లు. అయిదు నిమిషాల్లో ఆ బీడులో గోడలు లేచాయి. అయిదుగురూ అర్రనుంచి అర్రకు ఒకరి వెనక ఒకరు దర్వాజల్లోంచే తిరుగుతున్నారు. రోడ్డు మీద పోయే బస్సులోంచి చూసినవాళ్లు ఏమనుకున్నారో తెలియదు.

జానకీబాయి తన అర్రలో కొంగు పరుచుకుని పడుకుని చూసింది. కాళ్లు గోడకు తగల్లేదని సంతోషించింది. దేవునర్రలో కూర్చుని లేచింది. రామకిషన్‌రావు తల్లిని ఇంత ఉషారుగా చూసి చాలాకాలమైంది. గడియారం తొమ్మిదీ పది చూపిస్తోంది. ఇంకో అయిదు నిమిషాలు ఆమెను ఇంటి ముందువైపు ఉంచగలిగితే చాలు, ఆ గీత గండం గట్టెక్కుతుంది.

"అవ్వా, ఇగ గడ్డపార కాడికి పోదాం పా."

"ఆగురా. వెనుక చూడద్దా?"

వెనకదర్వాజ దాటి ఆమె పెరట్లోకి వచ్చింది. వాయవ్యం మూల చిన్న చదరం.

"గిదేంది?"

"పాయఖానా."

"మంచిగ దూరం పెట్టినవ్." మెచ్చుకుంది. ఆ మెచ్చుకోలు పూర్తికాకముందే చూపు కిందికి దిగింది. "గీ గీత ఏంది?"

రామకిషన్‌రావు హనుమండ్లు వైపు చూశాడు. హనుమండ్లు ఆకాశం వైపు చూశాడు.

"అది... పైపు, అవ్వా."

"నీళ్ల పైపా?"

"నీళ్లు గూడ పోతయి దాంట్లె."

జానకీబాయి చీర కుచ్చిళ్లు కొద్దిగా ఎత్తిపట్టుకుని, ముగ్గు గీత మీద అడుగులో అడుగు వేసుకుంటూ బయల్దేరింది. గీత బర్రెల కొట్టం గుర్తు పక్కనుంచి పోయి ఒక పెద్ద గుండ్రంలో కలిసింది. గుండ్రం దగ్గర ఆగింది.

"గిది గోబర్ గ్యాస్ తొట్టి," అన్నాడు రామకిషన్‌రావు, గొంతు సవరించుకుని. "చెప్పిన గద నీకు. బర్రెల పెండ ఏస్తే గ్యాస్ వస్తది. కట్టెలు కొట్టే పని లేదు, పొగ లేదు."

"ఎరుకే." ఆమె గుండ్రం చుట్టూ తిరిగింది. అవతలనుంచి ఇంకో గీత బయల్దేరింది. దాని మీదికెక్కింది. గీత వెనకదర్వాజ కడప కిందినుంచి వంటర్రలో దూరి ఒక చిన్న చదరం దగ్గర ఆగింది. హనుమండ్లు అక్కడ పనితనం చూపించి, పొయ్యి గుర్తుగా చుట్టూ నాలుగు పూరేకులు కూడా గీసిపెట్టాడు. జానకీబాయి ఆ పొయ్యి ముందు నిలబడి, తను నడిచొచ్చిన దారంతా ఒకసారి వెనక్కి తిరిగి చూసింది.

"కిషనూ."

"అవ్వా."

"నేను యాడికెల్లి బయలెల్లిన?"

రామకిషన్‌రావు గడియారం చూసుకున్నాడు.

"నిన్నే అడుగుతున్న."

"పాయఖానా కాడికెల్లి."

"యాడ తేలిన?"

"పొయ్యి కాడ."

ఆ రెండు మాటలూ చెప్పేసరికి ఇంజినీరుగారి నెత్తిన చెమట పట్టింది. ఇక దాచి లాభం లేదని, ఆఫీసులో కొత్త సూపర్‌వైజర్లకు చెప్పినట్టు మొదలుపెట్టాడు. రెండు బర్రెల పెండ ఇంటిల్లిపాది వంటకు చాలదు. మనుషులది కూడా కలిపితే సరిపోతుంది. తొట్టిలో నలభై దినాలు మాగుతుంది, వాసన పోతుంది. పైకి వచ్చేది ఉత్త గాలి. ఆమె అంతా శ్రద్ధగా విన్నది.

"నువ్వు చదువుకున్నోనివి బిడ్డా. నాకు జర సమజ్ చెయ్యి. సోమవారం నాడు రాజన్నకు బెల్లపన్నం గీ పొయ్యి మీదనే వండాల్నా?"

"వండచ్చు అవ్వా, ఏం కాదు."

"ఆయినకు తెల్వదా, ఏ పైపు యాడికెల్లి వచ్చిందో?"

లస్మవ్వకు ఇంజినీరు సారు మీద జాలేసింది. ఈ ఇల్లు లేస్తే ఆమెకు ఆరు నెలల పని. వెనకదర్వాజ ముందు బిందె దించి అందుకుంది. "దొరసానీ, మా వంకాయ చేనుల మస్తు పెంట ఏస్తం. ఆ వంకాయ మీరు తింటలేరా?"

"వంకాయను కడుక్కొని తింటం. మంటను యాడ కడుగుతవే?"

చదివించి ఉంటే జానకీబాయి హైకోర్టులో వాదించేది, అవతలి పక్షానికి మంచినీళ్లు కూడా పుట్టేవి కావు.

"అగ్గికి అంటు లేదంటరు గదమ్మా," అని గొణిగాడు హనుమండ్లు.

"నువ్వు నోర్ముయ్. ముగ్గు పోసినోనివి నువ్వే."

అంతటితో ఆమె వంటర్ర దాటి, నడిమిల్లు దాటి, తూర్పు దర్వాజ లోంచి బయటికి పోయింది. పోయి, కడపకు సరిగ్గా ముందర, కాళ్లు చాపుకుని నేల మీద కూర్చుంది. వెనకదర్వాజకు ఎదురుగా లస్మవ్వ బిందె ఉంది, నీళ్లున్న బిందెను దాటకూడదు. మిగిలింది తూర్పు దర్వాజ ఒక్కటే, దానికి జానకీబాయి అడ్డం.

ఇప్పుడు చూడండి తమాషా. బీడు భూమిలో, నెత్తిన ఎండలో, నలుగురు పెద్దమనుషులు ముగ్గు గోడల నడుమ ఇరుక్కుపోయారు. ఒక్క అంగ వేస్తే బయట పడతారు. ఎవ్వరూ వెయ్యలేదు. హనుమండ్లు కిటికీ దగ్గరికి పోయి మళ్లీ వెనక్కి వచ్చాడు. రామకిషన్‌రావు బీఈ పాసైన మనిషి, గోదావరి కాలువల మీద తూములు కట్టించినవాడు, పిండి గీత దాటలేక నడింట్లో నిలబడిపోయాడు. దాటితే ఈ ఇల్లు ఉత్త ముగ్గేనని తనే ఒప్పుకున్నట్టవుతుంది. ఈశాన్యం మూల గడ్డపార ఎండకు మెరుస్తోంది. తొమ్మిదీ ముప్పై అయిదు.

"అవ్వా, ముహూర్తం దాటిపోతది."

"పోనియ్."

"మూఢం పడ్తది."

"పడనియ్. నీ పైపు కన్న మూఢమే నయం."

ఇంతసేపూ ఒక మనిషి నోరు విప్పలేదు. లీలాబాయి వంటర్రలోనే ఉంది. పొయ్యి ముందు నిలబడి, పొద్దు ఏ దిక్కునుంచి మొహం మీద పడుతుందో, నీళ్లగోలెం చేతికి అందుతుందో లేదో చూసుకుంటోంది. పాతికేళ్లు వండబోయేది తను. ఆ సంగతి మొగుడికీ గుర్తు లేదు, అత్తకూ గుర్తు లేదు. ఆమె తీరిగ్గా నడిచి వచ్చి దర్వాజలో నిలబడింది.

"అత్తమ్మా, ఉగాదికి జమ్మికుంట పోయినప్పుడు ఎన్ని పూర్ణం పోలెలు తిన్నరు?"

"పాణం పరేషాన్ ఉంటే గిప్పుడు పోలెల ముచ్చటేందే?"

"చెప్పుండ్రి జర."

"ఆరు. ఇందిర మంచిగ చేసింది, అబద్ధమెందుకు. నోట్ల ఏస్తే కరిగిపోయినయ్. మనింట్ల గట్ల ఎన్నడన్న వచ్చినయా?"

ఇందిరాదేవి అంటే జానకీబాయి తమ్ముడు బాలకిషన్‌రావు భార్య. జమ్మికుంటలో పత్తి వ్యాపారం, ఊరి చివర పెద్దిల్లు, కొట్టం నిండా బర్రెలు.

"ఏ పొయ్యి మీద చేసింది?"

"గోబర్ గ్యాస్ మీద. తమ్ముడు మొన్ననే పెట్టిచ్చిండు గద. నీలిమంట. గిన్నెకు మసి గూడ..." జానకీబాయి మాట నడుమ ఆగింది.

"ఆ తొట్టిలకు ఎన్ని పైపులొస్తయ్, అత్తమ్మా?"

రోడ్డు మీద వేములవాడ బస్సు ఒకటి హారన్ కొట్టుకుంటూ పోయింది.

"రెండు," అంది లీలాబాయి. "ఒకటి కొట్టంకెల్లి, ఇంకోటి పాయఖానాకెల్లి. ఇందిరత్తనే చెప్పింది, గిన్నెలు తోముకుంట. మా ఆడిబిడ్డకు చెప్పకు, నా పాణం తీస్తదని ఒట్టేయించుకున్నది. నేను చెప్పకపోదును. మీరు కడప ముంగట కూసుంటిరి."

జానకీబాయి చెయ్యి దానంతటదే పొట్ట మీదికి పోయింది. ఉగాది వెళ్లి నెల దాటింది. అయినా ఆరు పోలెలూ ఇప్పుడే లోపల కదిలినట్టు ఆమె మొహం పెట్టింది.

"ఏడు," అంది నీరసంగా. "ఆరు కాదు."

"నాలుగు మూటగట్టుకొని ఇంటికి గూడ తెచ్చుకుంటిరి," అని అందించింది కోడలు.

"అయ్యో! అయ్యో లీలా! ఆ నాలుగు నేను తినలేదే!" ముసలమ్మ రెండు చేతులూ నెత్తిన పెట్టుకుంది. "దేవునర్రల రాజన్న పటం ముంగట పెట్టిన! హారతి గూడ ఇచ్చిన!"

హనుమండ్లు నవ్వు ఆపుకోలేక మొహం అటు తిప్పుకున్నాడు. లస్మవ్వ మాత్రం దగ్గరికి వచ్చి, గీత ఇవతలే ఆగి, ఎంతో ఆదుర్దాగా అడిగింది. "మరి దేవుడేమన్నడు దొరసానీ?"

జానకీబాయి నిజంగానే ఆలోచించింది. పండుగ తర్వాతి రోజులన్నీ ఒక్కొక్కటే తలుచుకుంది. పాలు విరగలేదు. దీపం ఆరలేదు. బల్లి కూడా పడలేదు.

"ఏమనలేదే," అంది చివరికి. ఇంకాస్త ఆగి, తనకే వింతగా తోచి, "ఆ వారంలనే నా మోకాలి నొప్పి తగ్గింది," అంది.

వాదన అక్కడితో అయిపోయింది. కానీ ఓడిపోయినవాళ్లు లేవడానికి ఏదో ఒక ఆసరా కావాలి కదా. జానకీబాయి కూర్చున్నచోటే మూతి బిగించుకుని కూర్చుంది. తొమ్మిదీ నలభై అయిదు. రామకిషన్‌రావు దర్వాజ దాకా వచ్చి, కడపకు ఇవతల, తల్లికి ఎదురుగా నేల మీద కూలబడ్డాడు. మూడు నెలలుగా చెప్పనిది అప్పుడు చెప్పాడు.

"అవ్వా, పోయినేడు మే నెల యాదికున్నదా?"

ఉంది. కిరాయింట్లో స్లాబు కింద జానకీబాయికి వడదెబ్బ తగిలింది. నాలుగు రోజులు దవాఖానలో సెలైన్ ఎక్కించారు. కొడుకు రోజూ పొద్దుమాపూ బకెట్లతో నీళ్లు మోసి స్లాబు మీద గుమ్మరించినా ఇల్లు చల్లబడలేదు.

"తెలివి లేని జ్వరంల నువ్వు ఒక మాటన్నవ్. నన్ను పెనం మీద పండవెట్టినవ్ కొడుకా అన్నవ్. నీకు యాదికి లేదు. నేను మాత్రం ఆ మాట మీద ఒక్క రాత్రి మంచిగ పండలేదు. ఊరందరికి పెనాలు ఎక్కిచ్చింది నేనే గద." ఆయన దక్షిణం వైపు చెయ్యి చూపాడు. "గోడలు ఫీటున్నర మందం పెట్టింది, నీ అర్రకు దక్షిణం దిక్కు నాలుగు కిటికీలు పెట్టింది అందుకే. ఎండకాలం పొద్దుమీకినంక గాలి ఆ దిక్కుకెల్లే వస్తది. ఆ గాలికి అడ్డం రావద్దని దక్షిణం ఐదు గుంటలు ఖాళీ ఇడిచిపెట్టిన. పైపు వద్దంటే తీసేస్త, అవ్వా. గాలి లేకుంటే మాత్రం ఇది ఇల్లే కాదు."

జానకీబాయి కొంగుతో ముక్కు తుడుచుకుంది. కొడుకు నెత్తి మీద చెయ్యి వేసి, ఆ చేత్తోనే ఒక్కటి మొట్టింది.

"గిది ముందుగాల చెప్పద్దారా పిచ్చోడా? పైపుల కథలు చెప్పవడితివి." లీలాబాయి చెయ్యి పట్టుకుని లేచింది. "పొయ్యిలు రెండు పెట్టియ్. ఒకటి గ్యాసుది, ఒకటి కట్టెలది. ఏది దేని మీద వండాల్నో లీల చూసుకుంటది. నాకు మాత్రం చెప్పద్దు. నేను అడుగ, మీరు చెప్పద్దు."

అందరూ వరుసగా దర్వాజ లోంచే బయటికి వచ్చారు. తొమ్మిదీ యాభైకి జానకీబాయి గడ్డపార ఎత్తింది. కొడుకు పట్టుకోబోతే మోచేత్తో నెట్టేసింది. ఒక్క పోటుకే ఎర్రమట్టి పెళ్ల లేచి పక్కకు పడింది. లస్మవ్వ ఆ పెళ్లను అరచేతిలో నలిపి, వాసన చూసి, గోడకు బంగారం లాంటి మట్టి అంది. హనుమండ్లు కొబ్బరికాయ కొట్టాడు. రామకిషన్‌రావుకు పట్టరాని సంతోషమైంది. నలభై ఎనిమిదేళ్ల మనిషి, నలుగురి ముందూ కళ్లు తుడుచుకోవడానికి సిగ్గుపడలేదు.

జానకీబాయి బెల్లం ముక్క బుగ్గన పెట్టుకుని రోడ్డు వైపు చూసింది. "నా తమ్ముడు గిప్పటిదాక రాలేదేందిరా? పది అయితాంది."

"బాలకిషన్ మామను పిలిచినవా?"

"పిలుసుడేంది? ఆయన పనికి గూడ గిదే ముహూర్తం గద."

"ఏం పని?"

"నీకు చెప్పలేదా? ఉగాదినాడు నువ్వు ఆఫీసు పని మీద ఆదిలాబాద్ పోయినవ్ గద. గప్పుడే అడిగిండు. రాజన్న కాడికి వచ్చేటోళ్లకు లాడ్జి కడ్తడట, మూడంతస్తులు. దేవుని పని, ఎట్ల కాదంట? దక్షిణం దిక్కు ఉత్తగనే పడున్నది గదాని ఆ ఐదు గుంటలు రాసిచ్చిన. సంతకం గూడ పెట్టిన." ఆమె తృప్తిగా బెల్లం చప్పరించింది. "దక్షిణం మూసుకుంటే ఇంటికి మంచిదేనట. అయ్యగారే చెప్పిండు, యముని దిక్కు గద."

రామకిషన్‌రావు లీలాబాయి వైపు చూశాడు. ఈ ఒక్క సంగతి ఆమెకూ తెలియదు. అది ఆమె మొహం చూస్తేనే అర్థమైంది.

రోడ్డు మీద జీపు వచ్చి ఆగింది. తెల్లధోవతి సర్దుకుంటూ బాలకిషన్‌రావు దిగాడు. ఆయన వెనక ఒక కొత్త మేస్త్రి దిగాడు, వాడి భుజాన ముగ్గు సంచి. అటూ ఇటూ చూడకుండా దక్షిణం వైపు నడిచి, జానకీబాయి అర్ర కిటికీల ఎదురుగా మొదటి మేకు పాతాడు.

"అల్లుడూ!" గడియారం చూసుకుంటూ నవ్వుమొహంతో కేకేశాడు బాలకిషన్‌రావు. "ఎనిమిది నిమిషాలే ఉన్నది, తొందరగ చెప్పు. మా గోడ మీ కిటికీలకు మూడు ఫీట్ల దూరం పెడితే సాలా?"